లిండావు దీపస్తంభము

జర్మనీదేశపు బవేరియా సీమలో, కాన్‌స్టన్సు సరస్సునందలి యొక చిన్న ద్వీపముపై లిండావు పాతపట్టణము వెలసియున్నది. ఈ సరస్సును జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండు దేశములు మూడును ఆనుకొనియున్నవి. రేవు ముఖద్వారమున నొకప్రక్క 1856లో పూర్తియైన 33 మీటర్ల దీపస్తంభము, రెండవప్రక్క 6 మీటర్ల రాతిసింహము గలవు. అంతకు పూర్వము ఒడ్డుననున్న మాంగ్ గోపురమే నావలకు దారి చూపెడిది.

ఛాయాచిత్రములు తీయగోరి మేము మొదట రేవుగట్టున నిలిచితిమి. ద్వారము దక్షిణముఖమగుటచే మధ్యాహ్నసూర్యుడు స్తంభమునకు వెనుకనుండెను. స్తంభము నీడవలె నల్లగ దోచెను. సింహము వీపు మాత్రమే కనబడుచుండెను. స్తంభములోని 139 మెట్లెక్కినచో పట్టణమంతయు వెలుగులో నగుపడును. కాని యా చిత్రమున స్తంభమే యుండదు. పైగా మా అమ్మగారు మెట్లెక్కలేరు.

ఆమెను క్రింద విడిచిపోవ మనసొప్పక అందరమును విహారనౌక నెక్కితిమి. కొంతదూర మేగి వెనుదిరిగి చూడగా, ఎండ మా వెనుకనుండి పడి స్తంభమును, సింహముఖమును, ఇండ్లవరుసను ఒక్కమారుగ వెలిగించెను. నౌక యంచున గూర్చున్న అమ్మగారితో గూడ నన్నియు నొకే చిత్రమున నిమిడినవి.

సోదరీమణులారా! ఆ ద్వారము నీటిమీద వచ్చువారి నెదుర్కొనుటకై కట్టినది. కట్టడ మే దిక్కునకు జూచుచున్నదో, ఎండ యెటునుండి పడుచున్నదో యెరిగి చిత్రము దీయుడు. మీవెంట వృద్ధులున్నచో వారును రాగల చోటినే ముందు వెదకుడు.