పీఈటీ పీరియడ్ కాలేజీ తర్వాత ఏం మిగులుస్తుంది?



పిల్లలు తొమ్మిదో తరగతికి వచ్చేసరికి పేరెంట్స్ మీటింగ్‌లో తరచూ వినపడే మాట ఒకటుంది: "మేడమ్, ఆ గేమ్స్ పీరియడ్‌లో కూడా ఐఐటీ ఫౌండేషన్ చెప్పించొచ్చు కదా?" మీ ఆరాటం అర్థమవుతుంది. కానీ ఆ ఐఐటీలో సీటు వచ్చాక సంగతి చూడండి. బాంబే, మద్రాస్ ఐఐటీల్లో ఫస్టియర్ పిల్లల ప్రోగ్రామ్‌లో ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్‌లతో పాటు ఆటల కోసం ఎన్‌ఎస్‌ఓ కూడా ఉంటుంది. అమెరికాలోని ఎంఐటీలో అయితే ఇంజినీరింగ్ డిగ్రీ చేతికి రావాలన్నా నాలుగు పీఈ కోర్సులు పూర్తి చేయాలి, ఈత కూడా వచ్చి ఉండాలి. విలువిద్య, కత్తిసాము, షూటింగ్, తెరచాప పడవ నడపడం నేర్చుకున్నవారికి సరదాగా 'పైరేట్' సర్టిఫికెట్ ఇస్తారు. మా క్లాసులో ఇది చెప్పినప్పుడు వెనక బెంచీలు కూడా నిటారుగా కూర్చున్నాయి!

కాలేజీలో ఎందుకింత పట్టుదల? అప్పటిదాకా పొద్దున్నే లేపడానికి అమ్మ ఉంటుంది. హాస్టల్‌కు వెళ్లాక తన టైమ్ తానే చూసుకోవాలి. అప్పుడు పడిన అలవాటు సొంతదవుతుంది. పైగా ఏదో ఒక ఆట చేతికి వచ్చి ఉంటే, ముప్పై అయిదేళ్లకు కూడా షటిల్ బ్యాట్ పట్టుకుని కోర్టుకు వెళ్లడానికి మొహమాటం ఉండదు. ఆట రానివాళ్లు నలుగురూ చూస్తారని వెనకాడతారు. జిమ్‌కు ఏడాది ఫీజు కట్టి నెలకే మానేసినవాళ్లు మనందరికీ తెలుసు కదా.

అయితే తప్పనిసరి చేసినంత మాత్రాన ఇష్టం పుట్టదు. హోంవర్క్ చేయలేదని గ్రౌండ్ చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టిస్తే, పరుగంటే శిక్షే అని మనసులో పడిపోతుంది. బాగా ఆడే పదకొండు మందే ఆడి, మిగతావాళ్లు చెట్టుకింద స్కోర్ రాస్తూ కూర్చుంటే వాళ్లకు దక్కేది ఏమీ లేదు. ఎక్కువగా ఆడపిల్లలే ఇలా పక్కకు జరిగిపోతారు. త్రోబాల్, ఖోఖో, యోగా, స్కిప్పింగ్‌లో నచ్చింది ఎంచుకోనిస్తే వాళ్లే ముందుకొస్తారు. ఓడిపోయి కూడా చేయి కలపడం, అంపైర్ మాటకు తలొగ్గడం అక్కడే వస్తాయి. నా ఇంగ్లిష్ పాఠంతో అవి నేర్పలేను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ కావాలి. అంటే వారానికి 420 నిమిషాలు. 40 నిమిషాల పీరియడ్లు రెండుంటే వచ్చేది 80. మిగతాది ఇంటి దగ్గరే దొరకాలి.

టెన్త్ తర్వాత ఇంటర్ కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు ర్యాంకుల ఫ్లెక్సీతో పాటు గ్రౌండ్ కూడా చూపించమనండి. సాయంత్రం ఎన్ని గంటలకు తెరుస్తారో, స్టడీ అవర్స్ పేరుతో ఎన్ని రోజులు మూసేస్తారో అక్కడున్న పిల్లల్నే అడగండి.