విశ్వవిద్యాలయ పరిశోధన ఉద్యోగం: ప్రతిఫలాలు

పరిచయం

పరిశోధన అనగానే గాజు గొట్టాలు, తెల్ల కోటు గుర్తుకొస్తాయి. ఉత్తరాంధ్రలో ఆ పని చాలావరకు పొలం గట్టు మీదే జరుగుతుంది. 1964లో ఏర్పడి, ఇప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా పేరుతో ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయానికి విజయనగరం, రాగోలు, ఆమదాలవలసల్లో పరిశోధన స్థానాలున్నాయి. వాటిలో వరుసగా చిరుధాన్యాలు, వరి, గోగునార ముఖ్యమైన పంటలు. ఈ ఉద్యోగం జీతంతో పాటు ఇంకేమి ఇస్తుందో ఒక పంట ఆధారంగా చూద్దాం.

ఒక రకం వెనుక పని

చోడి, అంటే రాగి, ఆత్మపరాగ సంపర్కం జరిగే పంట. దాని పువ్వు ఎంత చిన్నదంటే, పుంకేసరాలను చేత్తో తొలగించడం చాలా కష్టం. అందుచేత రెండు రకాలను సంకరపరచడమే ఓపికతో కూడిన పని. ఆ తర్వాత అయిదారు తరాల పాటు మంచి మొక్కలను ఏరాలి. దిగుబడిని, అగ్గితెగులును తట్టుకొనే శక్తిని పరీక్షించాలి. చివరకు చిరుసంచుల దశలో విత్తనం రైతు పొలానికి వెళ్తుంది. ఇదంతా పూర్తి కావడానికి సుమారు పదేళ్లు పడుతుంది. ఏరిన మొక్కల్లో అత్యధికం మధ్యలోనే తిరస్కరణకు గురవుతాయి.

ప్రతిఫలాలు

1. ఉపయోగం: విజయనగరం చోడి రకాల్లో వి.ఆర్. 708కు చంపావతి అనీ, వి.ఆర్. 929కు వేగావతి అనీ పేర్లు. రెండూ ఆ ప్రాంతపు నదుల పేర్లే. రాగోలు వరి రకం ఆర్.జి.ఎల్. 2537ను రైతులు ‘శ్రీకాకుళం సన్నాలు’గా ఎరుగుదురు. శాస్త్రవేత్తల పేర్లు ఎవరికీ గుర్తుండకపోవచ్చు. విత్తనం మాత్రం చేతులు మారుతూనే ఉంటుంది.

2. వివేచన: పనికిరాని మొక్క ఎందుకు పనికిరాదో రాసిపెట్టడం కూడా జ్ఞానమే. తర్వాత వచ్చినవారు అదే పొరపాటు చేయరు.

3. నేర్పడం, నేర్చుకోవడం: విద్యార్థి ప్రశ్న, రైతు అనుభవం రెండూ పరిశోధకుని ఆలోచనను సరిదిద్దుతాయి.

4. ఆర్థిక భద్రత: శాశ్వత ఉద్యోగంలో నెలనెలా జీతం వస్తుంది. పిహెచ్.డి. చేసే దశలో కూడా ఆధారం దొరకవచ్చు. నెట్ ద్వారా జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ పొందినవారికి 2023 నుంచి నెలకు రూ. 37,000 ఇస్తున్నారు.

పరిమితి

జీతం నెలకొకసారి వస్తుంది, ఫలితం పదేళ్లకు రావచ్చు, రాకపోవచ్చు కూడా. త్వరగా గుర్తింపు కోరుకొనేవారికి ఈ ఉద్యోగం నిరాశ కలిగిస్తుంది. ఈ మాట తెలుగు, చరిత్ర, సమాజశాస్త్ర పరిశోధనలకూ వర్తిస్తుంది.

సారాంశం

పరిశోధన ఉద్యోగంలో అసలు ప్రతిఫలం పని పూర్తయ్యాక చేతికి వచ్చేది మాత్రమే కాదు. ఒక ప్రశ్నను ఏళ్ల తరబడి నిజాయితీగా పట్టుకొని ఉండే అవకాశం, దాని జవాబు ఇతరులకు ఉపయోగపడటం కూడా ప్రతిఫలమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ఊళ్లో పదేళ్లు పరిశోధించదగిన ప్రశ్న ఒకటి రాయండి. దాని జవాబు ఎవరికి ఉపయోగపడుతుందో అయిదు వాక్యాల్లో వివరించండి.