చిన్న జెట్: సీటు సుఖం, ఖర్చు లెక్క

ఖరగ్‌పూర్‌లోని న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్నాయి. బండి లెక్క వాళ్లకు కొత్త కాదు. జనం తగ్గితే పెట్టెలు తగ్గించవచ్చు. విమానానికి ఆ వీలు లేదు. సీట్లు ఖాళీగా ఉన్నా మొత్తం విమానం ఎగరాల్సిందే. రద్దీ తక్కువ ఉన్న మార్గాల్లో చిన్న జెట్‌లు అవసరమయ్యేది అందుకే.

ఒక లెక్క ఊహించుకుందాం. 180 సీట్ల విమానానికి ట్రిప్పు ఖర్చు 9 లక్షల రూపాయలు, 70 సీట్ల జెట్‌కు 4.9 లక్షలు అనుకుందాం. రెండూ నిండితే తలకు పడేది పెద్దదానిలో 5,000, చిన్నదానిలో 7,000. ఎందుకంటే సీట్లు ఎన్నున్నా పైలట్లు ఇద్దరే. ఇలాంటి ఖర్చులను చిన్నదానిలో తక్కువ మంది పంచుకోవాలి. అయితే ఆ మార్గంలో 70 మందే ఉంటే, పెద్దదానిలో తలకు దాదాపు 12,900 అవుతుంది. అప్పుడు చిన్నదే మేలు.

పెద్ద విమానాన్ని పొట్టిగా చేస్తే సరిపోదా? ఎయిర్‌బస్ ఎ319 అలా వచ్చిందే. దానికి ఎ320 రెక్కలే ఉంటాయి, కాబట్టి సీట్లు తగ్గినంతగా బరువు తగ్గదు. ఎ220ని మొదటి నుంచీ 100-150 సీట్ల కోసమే రూపొందించారు. అందుకే అది తేలిక.

సుఖం సంగతికొస్తే, ఎ320లో వరుసకు మూడు, మూడు సీట్లు. ఎ220లో రెండు, మూడు. ఎంబ్రాయర్ ఇ-జెట్‌లలో రెండు, రెండు. మధ్య సీటే ఉండదు.

విజయవాడకు చెందిన ఎయిర్ కోస్టా 2013 అక్టోబరులో ఎంబ్రాయర్ జెట్‌లతోనే మొదలైంది. అప్పట్లో 40 టన్నుల లోపు విమానాల ఇంధనంపై అమ్మకపు పన్ను 4 శాతమే. ఇ-170కి ఆ రాయితీ వర్తించేది. దాదాపు 50 టన్నులుండే ఇ-190కి వర్తించేది కాదు. 2014లో 50 కొత్త ఇ2 జెట్‌లకు ఆర్డరిచ్చిన ఆ సంస్థ, నిధుల కొరతతో 2017లో ఆగిపోయింది.

మధ్య సీటు లేకపోవడం ప్రయాణికుడికి సుఖమే. కానీ చిన్న జెట్‌లో అమ్మడానికి ఉన్న సీట్లే తక్కువ. వాటిలో కొన్ని ఖాళీగా ఉన్నా నష్టం వెంటనే తెలుస్తుంది. మార్గానికి తగిన సైజు ఎంచుకోవడం ఒక ఎత్తయితే, రోజూ ఆ సీట్లు నింపడం మరో ఎత్తు.