వీధిలో నిద్రించుట నేరమగునా?



మన కోసిగి ప్రాంతమున ‘సుగ్గి’ యను మాట నెఱుగనివారుండరు. వానలు మొగము చాటువేసిన యేట ఇంటికి తాళమువైచి, ముసలివారికి బిడ్డలనప్పగించి, గుంటూరు మిరపచేలకో, బెంగుళూరు కట్టడపు పనులకో, హైదరాబాదునకో మూటగట్టుకొని పోవుటయే సుగ్గి. అట్లు పోయినవారికి పట్టణమున తొలినాళ్ల పడకటిల్లు ఏది? రైలు స్టేషను, వంతెననీడ, కాలిబాట. ఊరిలో ఇల్లును, రచ్చకట్టయొద్ద మర్యాదయు గలవాడు పట్టణమున ఒక్క రాత్రిలో ఇల్లులేనివాడగుచున్నాడు. అట్టివానిని చట్టము నేరస్థునిగా జూడవచ్చునా యనునదే నేటి నా ప్రసంగ విషయము.

ఈ చూపు క్రొత్తది కాదు. 1824లో ఇంగ్లాండున దేశదిమ్మరుల చట్టము పుట్టినది. బయట పండుకొని, తన్ను గూర్చి తగిన సమాధానము చెప్పలేనివానిని అది శిక్షించెను. ఆ బుద్ధియే మన దేశమునకును వచ్చినది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 109వ సెక్షను, కంటికి గనబడు జీవనాధారము లేనివానినుండి సత్ప్రవర్తనకు పూచీకత్తు గోరుటకు మేజిస్ట్రేటునకు అధికారమిచ్చినది. కరవున పొలమెండినవాడు జీవనాధారమును ఎచ్చటనుండి తెచ్చి చూపును? 1973 నాటి కోడులో ఆ మాటను తొలగించిరి.

అంతకంటె దారుణమైనది క్రిమినల్ తెగల చట్టము. 1871లో ఉత్తరదేశమున పుట్టిన యీ చట్టము 1911 తరువాత మన మదరాసు రాజధానికిని వచ్చినది. ఎఱుకలవారు ఉప్పు, ధాన్యము గాడిదలమీద వేసికొని ఊరూర దిరిగి అమ్ముకొనెడివారు. రైలుబండి వచ్చి వారి వర్తకమును మ్రింగెను. తిరుగుట మాత్రము మిగిలెను. ఆ తిరుగుటయే వారి నేరమయ్యెను! వేలిముద్రలు వేయించి, పోలీసులయెదుట హాజరు చెప్పించి, 1913లో బాపట్ల చేరువ స్టువార్టుపురమువంటి సెటిల్మెంట్లలో నుంచిరి. 1952లో ఆ చట్టము రద్దైనను, దాని మచ్చ ఆ కులములను వెంటనే విడువలేదు.

ఇక మనవారి పట్టణము మాట. 2017 నవంబరులో హైదరాబాదున అంతర్జాతీయ వ్యాపారవేత్తల సమావేశమునకు అమెరికా అధ్యక్షుని కుమార్తె రానుండెను. నవంబరు 8వ తేది మొదలు రెండు నెలలు నగరమున యాచన కూడదని పోలీసు కమిషనరు 144వ సెక్షను క్రింద ఉత్తరువు చేసిరి. వీధులనుండి జనులనెత్తి, చంచల్‌గూడ, చర్లపల్లి కారాగారముల ఆవరణములలోని ఆనందాశ్రమములకు తరలించిరి. పేరు ఆనందాశ్రమమే! బిచ్చగానిని చూపినవారికి 500 రూపాయల బహుమానమని కారాగార శాఖ ప్రకటించెను. చుట్టము వచ్చునని ఇల్లలుకుట మనమెఱిగినదే. ఇంటిలోని ముసలివానిని పెరటికి దోలి ఇల్లు శుభ్రమైనదనుకొనుట ఏ గృహస్థధర్మమో నాకు దెలియదు.

మన పూర్వులు వీధివైపు అరుగులు కట్టించిరి. అవి యజమాని కూర్చుండుటకు మాత్రమే గాదు, ప్రొద్దుగ్రుంకిన బాటసారి నడుము వాల్చుటకును. సత్రములు, చావడులు, గుడి మంటపములు అట్టివే. నీకు ఇల్లున్నదా యని అచ్చట నెవరును అడుగలేదు.

దీనికి పట్టణవాసులు చెప్పు మాటయు వినవలెను. కాలిబాట నడచువారిది, పసిబిడ్డలను జూపి బిచ్చమెత్తించు ముఠాలున్నవి. నిజమే. ఆ ముఠాలను శిక్షింపుడు. కాని బొంబాయి యాచక నిరోధక చట్టము (1959) ముఠానాయకునితో ఆగలేదు. జీవనాధారము కనబడక వీధిలో తిరుగువానిని సైతము యాచకుడనెను. వారంటు లేక పట్టుకొని, తొలిసారి ఏడాదినుండి మూడేండ్లవరకు నిర్బంధింపవచ్చుననెను. ఢిల్లీకి వర్తింపజేసిన ఆ చట్టములోని పెక్కు సెక్షనులను 2018 ఆగస్టు 8న ఢిల్లీ హైకోర్టు రాజ్యాంగవిరుద్ధములని కొట్టివేసెను. అన్నవస్త్రములు, నీడ సమకూర్చవలసిన ప్రభుత్వమే, అవి లేవని మనుజుని శిక్షించుట చెల్లదని ఆ తీర్పు తాత్పర్యము.

అంతకుముందే 1985లో, ఓల్గా టెల్లిస్ కేసున, బ్రదుకుతెరువు ప్రాణహక్కులోనిదే యని సుప్రీముకోర్టు పలికెను. ఐనను నోటీసిచ్చి గుడిసెలు తీయవచ్చుననెను గనుక, ఆ తీర్పును నేను సగము చలువపందిరి యందును.

సంపన్న దేశములందును ఈ వివాదము తీరలేదు. అమెరికాలో గ్రాంట్స్ పాస్ అను పట్టణము, ఉద్యానములలో దుప్పటి పరచి పండుకొన్నవారికి 295 డాలర్ల జరిమానా విధించెను. 2024 జూన్ 28న అచ్చటి సుప్రీముకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల మతమున, ముగ్గురు కాదన్నను, అది చెల్లునని తీర్చెను. దుప్పటి తప్ప వేఱు సొత్తు లేనివాడు ఆ డాలర్లెచ్చట దెచ్చునో ఆ ఆరుగురే చెప్పవలెను.

జరిమానాకన్న నీడ మేలను మార్గము మనకు గలదు. పట్టణ జనాభాలో లక్షకు ఒక్కటి చొప్పున, ఏడాది పొడుగున రాత్రింబవళ్లు తెఱచియుండు నిరాశ్రయుల వసతిగృహము నిర్మింపవలెనని సుప్రీముకోర్టు ఆజ్ఞ గలదు. కావున ఊరిపెద్దలగు మీరు ఈ యేడు సుగ్గిమూటలు గట్టునప్పుడు వారికి రెండు మాటలు చెప్పుడు. రేషనుకార్డును వెంట నుంచుకొనవలెను. నేడు దానితో పరరాష్ట్రమునను బియ్యము దొరకును. పట్టణము చేరగానే మునిసిపాలిటీ కచేరిలో వసతిగృహమెచ్చట నున్నదో యడుగవలెను. లేదన్నచో, మీ పంచాయతీ పక్షమున ఆ కమిషనరుగారికి ఒక అర్జీ వ్రాసి పంపుడు.