మల్ దీవిలో నీటికుక్కలు, సముద్రపు గద్దలు: అపోహలు – వాస్తవాలు

స్కాట్లాండ్ పశ్చిమ తీరంలో ఓబన్ రేవులో ఓడెక్కితే ముప్పావు గంటకు కాస్త అటూ ఇటూగా మల్ దీవిలోని క్రెగ్‌న్యూర్‌లో దిగుతాం. జనాభా మూడు వేలు. తీరం పొడవు దాదాపు 480 కిలోమీటర్లు. సముద్రం భూమిలోకి పొడుచుకొచ్చి ఏర్పడ్డ లోఖ్‌లు, వాటి ఒడ్డు వెంబడే ఒక్క బండి మాత్రమే పట్టే రోడ్లు. బ్రిటన్‌లో నీటికుక్కలనూ, పెద్ద గద్దలనూ చూడటానికి, ఫొటోలు తీయడానికి జనం వెతుక్కుంటూ వచ్చే చోట్లలో ఇది ముందుంటుంది. గ్లాస్గో, ఎడిన్‌బరోల్లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లు కూడా సెలవు దొరికితే కెమెరా మెడలో వేసుకుని ఇటు వస్తున్నారు. వస్తూ వస్తూ రీల్స్‌లో చూసినవీ, ఎవరో చెప్పగా విన్నవీ కొన్ని నమ్మకాలు వెంటతెచ్చుకుంటారు. వాటిలో కొన్ని మన సమయాన్ని మాత్రమే వృథా చేస్తాయి. కొన్ని ఆ ప్రాణుల ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే ఈ వివరణ.

అపోహ: సముద్రంలో ఈదుతోంది కాబట్టి అది సీ ఆటర్.

వెల్లకిలా తేలుతూ, పొట్ట మీద రాయి పెట్టుకుని గవ్వలు పగలగొట్టుకుని తినే సీ ఆటర్ పసిఫిక్ మహాసముద్రానిది. స్కాట్లాండ్‌లో అది లేదు. మల్ తీరంలో కనిపించేది యూరేసియన్ ఆటర్. ఐర్లాండ్ నుంచి ఆసియా దాకా నదుల్లో, చెరువుల్లో బతికే నీటికుక్క ఇదే. ఇక్కడ ఉప్పునీటిలో వేటాడటం అలవాటు చేసుకుంది, అంతే. పసిఫిక్ జంతువు 30 కిలోలు దాటగలదు. ఇది ఏడు నుంచి పది కిలోలు ఉంటుంది.

ఈ తేడా తెలిస్తే ఎక్కడ కూర్చోవాలో తెలుస్తుంది. సీలు జంతువుకు ఉన్నట్టు దీనికి చర్మం కింద మందపాటి కొవ్వు పొర లేదు. ఒక్క చదరపు సెంటీమీటరులో 50 వేలకు మించి వెంట్రుకలుండే బొచ్చూ, ఆ బొచ్చులో చిక్కుకున్న గాలీ, ఇవే దానికి రక్షణ. ఉప్పు పేరుకుంటే బొచ్చు అతుక్కుపోయి గాలి నిలవదు. చలి నేరుగా ఒంటికి తగులుతుంది. అందుకే సముద్రంలో వేటాడే నీటికుక్క మంచినీళ్లలో ఒళ్లు కడుక్కుని తీరాలి. కొండ మీద నుంచి దిగిన పిల్లవాగు సముద్రంలో కలిసే చోటు దొరికితే సగం పని అయినట్టే. ఆ చుట్టుపక్కల రాళ్ల మీద ఒక్కోచోట గడ్డి కుచ్చు మిగతా గడ్డికన్నా ముదురాకుపచ్చగా, కాస్త ఎత్తుగా కనిపిస్తుంది. తరతరాల నీటికుక్కలు అక్కడే మలం వదిలి సరిహద్దు గుర్తు పెట్టుకోవడం వల్ల గడ్డి అంత ఏపుగా పెరుగుతుంది. దగ్గరగా చూస్తే చేప ముళ్లు, పీత పెంకు ముక్కలు కనిపిస్తాయి.

అపోహ: తెల్లవారుజామున, చీకటి పడే వేళ తప్ప కనిపించదు.

నదుల్లో బతికే నీటికుక్కల విషయంలో ఇది చాలావరకు నిజం. తీరం లెక్క వేరు. ఇక్కడ అది తినే చిన్న చేపల్లో చాలా రకాలు రాత్రిపూట చురుగ్గా తిరిగి, పగలు నాచు కింద, రాళ్ల కింద కదలకుండా ఉంటాయి. కదలని చేపను పట్టడం సులువు. అందుకని ఇక్కడి నీటికుక్క పట్టపగలే వేటకు దిగుతుంది. కాబట్టి గడియారం కన్నా ఆటుపోట్ల పట్టిక ముఖ్యం. నీరు వెనక్కి తీసి నాచు మొక్కలు పైకి తేలే సమయంలో, గాలి లేని రోజున, నీటి మీద నిదానంగా చూపు తిప్పుతూ వెళ్లండి. అలలున్న రోజున దాని తల, అల, తేలే నాచు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మునిగేటప్పుడు తోక కొస పైకి లేచి కనిపిస్తే అది నీటికుక్క. తల నిటారుగా కిందికి జారిపోతే అది సీలు.

చలికాలంలో ఏమీ ఉండదన్న మాట కూడా సరికాదు. నీటికుక్కలు ఏడాది పొడవునా ఇక్కడే ఉంటాయి. గ్రేట్ నార్తర్న్ డైవర్ అనే పెద్ద నీటిపక్షి చలికాలం గడపడానికే ఈ లోఖ్‌లకు వస్తుంది. డిసెంబరులో పగలు సుమారు ఏడు గంటలే, ఇబ్బంది అదొక్కటే.

అపోహ: ఎంత దగ్గరికెళ్తే అంత మంచి ఫొటో.

అన్నిటికన్నా నష్టం చేసేది ఇదే. కొంచెం వివరంగా చెప్పాలి.

నీటికుక్క ఒక్కసారి మునిగితే ఇరవై, ముప్పై సెకన్లు కింద ఉంటుంది. అది మునిగినప్పుడు పరుగెత్తి, పైకి తేలేసరికి కదలకుండా నిలబడితే దగ్గరికి చేరొచ్చని ఫొటోగ్రాఫర్లు ఒకరికొకరు చెప్పుకుంటారు. అలా చేరొచ్చు కూడా. నీళ్ల బయట దాని కంటిచూపు అంత గొప్పది కాదు, కదలని మనిషిని గుర్తుపట్టలేకపోవచ్చు. ముక్కు మాత్రం అమోఘం. గాలి మీ వైపు నుంచి దాని వైపు వీస్తే వాసన వెళ్లి తగులుతుంది, ఆపైన అది మళ్లీ తేలేది మీకు కనిపించని చోట. ఒడ్డున ఎండలో బొచ్చు ఆరబెట్టుకుంటున్నదాన్ని అలా నీళ్లలోకి తరిమితే, చలికాలంలో ఆ నీళ్లు 7, 8 డిగ్రీలు. పోయిన వేడిని తిండితోనే తిరిగి సంపాదించుకోవాలి. రోజుకు సుమారు కిలో చేపలు పట్టుకుంటే తప్ప గడవని ప్రాణి అది. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఇద్దరు, సాయంత్రం ఇంకొకరు ఇలాగే తరిమితే ఏమవుతుందో ఆలోచించండి.

చేయాల్సింది దానికి ఎదురు వెళ్లి ఆగడం. అది ఒడ్డు వెంబడి ఏ దిక్కుగా వేటాడుతూ వస్తోందో దూరం నుంచి గమనించాలి. దానికి చాలా ముందుగా, పైన రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి. గాలి మన ముఖానికి కొట్టేలా చూసుకుని, ఆకాశం వెనకాల పడి మన ఆకారం తెలిసిపోకుండా బండరాయికి ఆనుకుని కూర్చోవాలి. తర్వాత అది వస్తే వచ్చినట్టు, రాకపోతే లేదు. వచ్చినప్పుడు కనిపించేది వేరే స్థాయిలో ఉంటుంది. చిన్న చేప దొరికితే నీళ్లలోనే తల పైకెత్తి కరకర నమిలి మళ్లీ మునుగుతుంది. పెద్ద పీతో, ఆక్టోపసో దొరికితే ఒడ్డుకు లాక్కొస్తుంది. ముందు కాళ్లతో పీతను బండకేసి అదిమిపట్టి, కాళ్లు ఒక్కొక్కటిగా విరుచుకుని, కళ్లు సగం మూసుకుని నములుతుంది. పెంకు పగిలే చప్పుడు మనకు వినిపిస్తుంది. ఆ సమయంలో తలెత్తి మీ వైపే చూస్తూ నమలడం ఆపేసిందంటే, మీరు అప్పటికే ఎక్కువ దగ్గరున్నట్టు లెక్క. షటర్ మీద నుంచి వేలు తీసి, కదలకుండా ఉండిపోండి.

ఇందుకు 600 ఎంఎం లెన్సు ఉండాలనేది ఇంకో అపోహ. ముందు కొనాల్సింది బైనాక్యులర్స్, 8x42 చాలు. జంతువు తనంతట తాను దగ్గరికొస్తే మామూలు జూమ్ లెన్సు సరిపోతుంది. కారే మంచి దాపు. ఇంజను ఆపి, అద్దం దించి కూర్చుంటే చాలా పక్షులు కారులోని మనిషిని లెక్కచేయవు.

స్కాట్లాండ్‌లో దాదాపు ఎక్కడైనా నడిచే హక్కు ప్రజలకు ఉంది. 2003 భూసంస్కరణ చట్టం ఇచ్చిన హక్కు అది. అయితే బాధ్యతగా నడిచేవారికే వర్తిస్తుంది. నీటికుక్కను తెలిసి గానీ, ఏమైతే అయిందన్న నిర్లక్ష్యంతో గానీ బెదరగొట్టడం నేరం. దాని బొరియ దగ్గర కాపు వేసి ఫొటోలు తీయాలంటే నేచర్‌స్కాట్ అనే ప్రభుత్వ సంస్థ నుంచి లైసెన్సు ఉండాలి. ఒడ్డున పిల్ల ఒంటరిగా ఈల వేసినట్టు అరుస్తుంటే తప్పిపోయిందనుకుని ఎత్తుకొచ్చేవాళ్లున్నారు. తల్లి వేటలో ఉన్నప్పుడు పిల్ల అలా పిలవడం రోజూ జరిగేదే. దూరంగా వెళ్లిపోవడమే దానికి మీరు చేయగల సాయం. చాలా గంటలైనా తల్లి రాకపోతే, పిల్లను ముట్టుకోకుండా జంతు సంరక్షణ సంస్థ స్కాటిష్ ఎస్‌పీసీఏకు ఫోన్ చేయండి.

అపోహ: నీటికుక్కలు మనుషులతో ఇట్టే స్నేహం చేస్తాయి, గుంపులుగా ఆడుకుంటాయి.

మచ్చిక కథకు మూలం గావిన్ మాక్స్‌వెల్ 1960లో రాసిన ‘రింగ్ ఆఫ్ బ్రైట్ వాటర్’. స్కాట్లాండ్ తీరంలో ఆయనతో కలిసి బతికిన మిజ్ అనే నీటికుక్క లక్షలమంది మనసు దోచుకుంది. ఆ మిజ్ స్కాట్లాండ్‌ది కాదు. ఇరాక్ చిత్తడి నేలల నుంచి ఆయన తెచ్చుకున్నది. అది స్మూత్ కోటెడ్ ఆటర్ జాతికి చెందింది. మన కోరింగ మడ అడవుల్లో, గోదావరి పాయల్లో ఈదేది ఆ జాతే. కోరింగలో కుటుంబాలుగా కలిసి చేపలను తరమడం చూసినవాళ్లు మల్‌లోనూ అదే ఆశిస్తారు. ఇక్కడి జాతి ఒంటరిది. రెండు మూడు కలిసి కనిపిస్తే అది దాదాపు ఎప్పుడూ తల్లీ పిల్లలే. పిల్లలు ఇంచుమించు ఏడాది పాటు తల్లిని అంటిపెట్టుకుని వేట నేర్చుకుంటాయి. ఆ తల్లికి మనతో స్నేహం చేసే తీరిక లేదు.

అపోహ: స్తంభం మీద కూర్చున్న పెద్ద పక్షి గద్దరాజే. తోక తెల్లగా ఉంటే సముద్రపు గద్ద, లేకపోతే గోల్డెన్ ఈగిల్.

రోడ్డు పక్క స్తంభం మీద కూర్చుని మీకు పోజిచ్చేది దాదాపు ఎప్పుడూ బజర్డ్ అనే చిన్న గద్ద. దాని రెక్కల విస్తీర్ణం మీటరు పైచిలుకు. తెల్లతోక సముద్రపు గద్దది రెండు మీటర్లు దాటి రెండున్నర దగ్గరికొస్తుంది. ఒకసారి నెత్తి మీదుగా వెళ్తే ఇక జీవితంలో పొరబడరు. మన కోస్తాలో తిరిగే తెల్లపొట్ట సముద్రపు గద్దకు ఇది దగ్గరి బంధువు.

తోక విషయంలో కొత్తవాళ్లు తరచూ తిరగేసి చెబుతారు. సముద్రపు గద్దకు తోక తెల్లబడాలంటే ఐదేళ్లు పడుతుంది, అప్పటిదాకా ముదురు గోధుమరంగే. గోల్డెన్ ఈగిల్‌కు పిల్లప్రాయంలోనే తోక మొదట్లో, రెక్కల కింద తెల్లటి మచ్చలుంటాయి, పెద్దదయ్యాక పోతాయి. కాబట్టి తోక ఒక్కదాన్నే చూసి తేల్చకండి. ఎగిరేటప్పుడు వెడల్పాటి బల్లల్లా కనిపించే రెక్కలు, పొట్టి తోక, ముందుకు పొడుచుకొచ్చిన తల, భారీ ముక్కు ఉంటే అది సముద్రపు గద్ద.

అపోహ: ఈ గద్దలు ఎప్పటినుంచో ఇక్కడే ఉన్నాయి. గొర్రెపిల్లలను తినే బతుకుతాయి.

తుపాకులు, విషం, గుడ్ల దొంగతనం కలిసి బ్రిటన్‌లో ఈ జాతిని పూర్తిగా తుడిచిపెట్టాయి. చివరి పక్షిని 1918లో షెట్లాండ్‌లో కాల్చి చంపారు. 1975 నుంచి 1985 దాకా నార్వే నుంచి 82 పిల్లలను తెచ్చి, మల్‌కు ఉత్తరాన ఉన్న రమ్ దీవిలో వదిలారు. తొలిసారి 1985లో బ్రిటన్‌లోనే పుట్టిన పిల్ల గూటి నుంచి ఎగిరింది, అదీ మల్‌లోనే. ఇప్పుడు ఈ ఒక్క దీవిలోనే 20 జతలకు పైగా ఉన్నాయి. వీటిని చూడటానికి వచ్చేవాళ్ల వల్ల దీవికి ఏటా 49 లక్షల నుంచి 80 లక్షల పౌండ్ల రాబడి వచ్చి చేరుతోందని పక్షుల సంరక్షణ సంస్థ ఆర్ఎస్‌పీబీ 2022లో లెక్కగట్టింది.

గొర్రెపిల్లల సంగతి దాచాల్సింది కాదు. ఇవి ప్రధానంగా చేపలు, సముద్రపక్షులు, కుందేళ్లు, చచ్చిన జంతువులు తింటాయి. కొన్ని చోట్ల బతికున్న గొర్రెపిల్లలను కూడా ఎత్తుకుపోతాయి, ఆ నష్టం భరించేది కాపరి. నేచర్‌స్కాట్ ఇందుకోసమే ఒక సహాయ పథకం నడుపుతోంది. కాపరి బాధను కొట్టిపారేసే పక్షిప్రేమికుడు పక్షికి మేలు చేయడు.

ఇంకొక మాట. నీళ్ల మీద నుంచి చేపను గోళ్లతో ఎత్తుకునే గద్ద ఫొటోలు మీరు చూసే ఉంటారు. మల్‌లో తీసిన వాటిలో చాలావరకు పడవలో నుంచి చచ్చిన చేప విసిరినప్పుడు తీసినవి. అందులో దోషమేమీ లేదు. ఫొటో కింద ఆ సంగతి రాయకుండా సహజమైన వేటగా చూపించడమే తప్పు.

అపోహ: పఫిన్లు మనిషికి భయపడవు కాబట్టి ఎంత దగ్గరికైనా వెళ్లొచ్చు.

మల్ నుంచి పడవలో ట్రెష్‌నిష్ దీవుల్లోని లుంగాకు వెళ్తే పఫిన్లు నాలుగడుగుల దూరంలో నిలబడతాయి. 400 గ్రాముల చిన్న పక్షి ఇది, ఫొటోలు చూసి పెద్దదనుకుంటారు. మనుషులున్న చోటికి వాటిని వేధించే పెద్ద గల్ పక్షులు రావు, అందుకే మన పక్కన నిలబడతాయి. నోటినిండా చేపలతో దిగి, బొరియలోకి పోకుండా అటూ ఇటూ తచ్చాడుతోందంటే మీరు దాని గుమ్మానికి అడ్డున్నారు. దారి వదిలి గడ్డిలోకి అడుగేస్తే కింద బొరియ కూలి లోపలి ఒక్కగానొక్క గుడ్డో పిల్లో పోతుంది. ఏప్రిల్‌లో వచ్చి ఆగస్టు మొదట్లో వెళ్లిపోతాయి. చలికాలమంతా నడిసముద్రంలోనే ఉంటాయి.

అపోహ: రికార్డు చేసిన కూత వినిపించి పక్షిని పిలవడం హానిలేని చిట్కా.

పక్కనున్న అయోనా దీవిలో కార్న్‌క్రేక్ కూత దువ్వెన పళ్ల మీద గోరు గీసినట్టుంటుంది. ఆఫ్రికా నుంచి ఎగిరొచ్చి గడ్డిలో దాక్కునే ఈ పక్షి కనిపించడం అరుదు. ఫోనులో దాని కూత పెడితే తన చోటుకు పోటీ వచ్చిందనుకుని ఉన్న పని వదిలి వెతుకుతుంది. గూళ్ల దగ్గర బెదిరించకూడదని 1981 వన్యప్రాణి చట్టం ప్రత్యేకంగా కాపాడే పక్షుల్లో ఇదొకటి. వినండి, కనిపిస్తే చూడండి, అంతవరకే.

మల్‌కు వెళ్లే తెలుగు మిత్రులకు ఒక్క విన్నపం. ఇరుకు రోడ్ల మీద ‘పాసింగ్ ప్లేస్’ బోర్డున్న జాగాలు ఎదురు బండికి దారివ్వడానికి. అక్కడ కారు ఆపి ఫొటోలు తీస్తే వెనకాల డాక్టరు, ఓడ అందుకోవాల్సిన మనిషి, స్కూలు బస్సు ఆగిపోతాయి. నీటికుక్క బొమ్మ ఉన్న హెచ్చరిక బోర్డు కనిపించిన చోట, ముఖ్యంగా చీకటి పడ్డాక, వేగం తగ్గించండి. ఈ దీవిలో నీటికుక్కలకు పెద్ద ప్రాణగండం కార్ల చక్రాలే.