గోత్రం సరే, తాతగారు దేనితో పోయారు?

వంశం గురించి మాట్లాడుకోవడమంటే మన తెలుగువాళ్ళకి మహా ఇష్టం. అల్ హైల్‌లో ఏ పుట్టినరోజు విందులోనో ఇద్దరు కొత్తవాళ్ళు కలిస్తే చాలు, పకోడీల పళ్ళెం ఖాళీ అయ్యేలోగా ఊరు, ఇంటిపేరు, అమ్మగారి పుట్టిల్లు అన్నీ బయటికొస్తాయి. ఎక్కడో ఒకచోట చుట్టరికం తేలనే తేలుతుంది. కాని "మీ తాతగారు ఏ వయసులో, దేనితో పోయారండీ?" అని అడిగి చూడండి. "ఏదో కడుపునొప్పి అన్నారు, ఆ రోజుల్లో ఎవరికి తెలుసు!" అన్న జవాబే ఎక్కువగా వస్తుంది. డాక్టరుగా నేను ఈ జవాబు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ పేరులేని కడుపునొప్పి గురించే ఈ నాలుగు మాటలు.

పెద్దపేగు లోపలి గోడ మీద పులిపిరికాయల్లాంటి చిన్న చిన్న కండలు మొలుస్తూ ఉంటాయి. వీటిని పాలిప్‌లు అంటాం. వయసు మళ్ళాక ఒకటీ అరా ఉండటం వింతేమీ కాదు. వాటిలో కొన్ని పెరిగి పెరిగి క్యాన్సర్‌గా మారతాయి. మామూలుగా ఈ మార్పుకు పదేళ్ళ దాకా పడుతుంది. అంటే మనకు గడువు ఉందన్నమాట. కొలనోస్కోపీ చేసినప్పుడు కనిపించిన పాలిప్‌ను అక్కడికక్కడే తీసేస్తే దానితో వచ్చే ప్రమాదం తప్పుతుంది. కాని కొన్ని కుటుంబాల్లో ఈ జబ్బు ఆస్తిలాగా తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుంది, గడువు కూడా బాగా తగ్గిపోతుంది.

వీటిలో మొదటిదాన్ని క్లుప్తంగా ఎఫ్.ఏ.పి. అంటారు. సుమారు 10,000 మందిలో ఒకరికి ఉంటుంది. 5వ క్రోమోజోమ్‌లో ఉండే ఏ.పి.సి. అనే జన్యువు చెడిపోవడం దీనికి కారణం. సాధారణంగా పిల్లలు బడికి వెళ్ళే వయసులోనే పాలిప్‌లు మొదలై వందల్లో, వేలల్లో మొలుస్తాయి. పట్టించుకోకపోతే నలభైల్లోకి వచ్చేసరికి క్యాన్సర్ దాదాపు ఖాయం. అందుకే ఈ కుటుంబాల్లో పిల్లలకు 10-12 ఏళ్ళ నుంచే పరీక్షలు మొదలుపెట్టి, సమయం చూసి పెద్దపేగును ఆపరేషన్ చేసి తీసేస్తారు. వినడానికి భయంగానే ఉంటుంది. కాని పెద్దపేగు లేకపోయినా చదువు, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు ఏవీ ఆగవు.

రెండోది లించ్ సిండ్రోమ్. ఇది అంత అరుదు కాదు, సుమారు 300 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. ఇందులో పాలిప్‌లు గుంపులుగా ఉండవు, కాని ఉన్నవి త్వరగా చెడతాయి. మన శరీరంలో కణం రెండుగా చీలేటప్పుడు డి.ఎన్.ఏ.ను నకలు తీసుకుంటుంది. ఆ నకలులో దొర్లిన తప్పుల్ని దిద్దే జన్యువు పనిచేయకపోవడమే లించ్ సిండ్రోమ్. మా ఇంజనీరు మిత్రులకు అర్థమయ్యేలా చెప్పాలంటే, డ్రాయింగులు సరిచూసే మనిషి లేకుండానే కట్టడం మొదలుపెట్టినట్టు. ఆడవాళ్ళలో ఇది పెద్దపేగుతో పాటు గర్భాశయానికి కూడా క్యాన్సర్ తెస్తుంది. జన్యువును బట్టి 20-25 ఏళ్ళ నుంచి, ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి కొలనోస్కోపీ చేయించుకోవాలని చెబుతాం.

ఈ జబ్బు బయటపడిన కథ ముచ్చటైనది. 1895లో అమెరికాలోని ఆన్ ఆర్బర్‌లో ఆల్డ్రెడ్ వార్తిన్ అనే పెథాలజిస్టుతో బట్టలు కుట్టే ఒకావిడ తన దిగులు చెప్పుకుంది. తమ ఇంట్లో అందరూ పేగు క్యాన్సర్‌తోనో గర్భాశయ క్యాన్సర్‌తోనో పోతున్నారని, తనకీ అదే గతి పడుతుందని ఆవిడ భయం. పాపం, చివరికి అలాగే జరిగింది. వార్తిన్ ఆ మాటను కొట్టిపారేయకుండా కుటుంబం వివరాలన్నీ సేకరించి 1913లో ప్రచురించాడు. 1960లలో హెన్రీ లించ్ అనే డాక్టరు ఇలాంటి కుటుంబాల చరిత్రలు మళ్ళీ తవ్వి తీశాడు. క్యాన్సర్ వంశపారంపర్యంగా వస్తుందంటే అప్పటికి నమ్మినవాళ్ళు తక్కువ. తీరా 1993లో ఈ జబ్బు తెచ్చే మొదటి జన్యువు దొరికింది. ఎఫ్.ఏ.పి. సంగతీ అంతే. లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో 1924లోనే ఈ కుటుంబాల వివరాలు రాసే రిజిస్టరు మొదలైంది. జన్యువు దొరికింది 1991లో. మధ్యలో 67 ఏళ్ళు డాక్టర్ల చేతిలో ఉన్న ఆధారం వంశవృక్షమే!

ఇక మన వంశవృక్షాల సంగతి. గోత్రం, ఇంటిపేరు తండ్రి వైపు నుంచే వస్తాయి. పెళ్ళయితే ఆడపిల్లకు ఆ రెండూ మారతాయి. జన్యువు మాత్రం మారదు. ఎఫ్.ఏ.పి. గాని, లించ్ గాని తల్లి నుంచి వచ్చినా, తండ్రి నుంచి వచ్చినా, ప్రతి బిడ్డకూ సగం అవకాశం ఉంటుంది. కనుక అమ్మమ్మ జబ్బు, మేనమామ జబ్బు కూడా లెక్కలోకి తీసుకోవాల్సిందే.

"మాది మేనరికం కాదు, మాకెందుకు వస్తుంది?" అంటారు కొందరు. పై రెండింటికీ మేనరికంతో పని లేదు, చెడిన జన్యువు ఒక్కరి దగ్గర ఉన్నా చాలు. అయితే 2002లో బయటపడిన మూడో రకం పాలిప్‌ల జబ్బు ఉంది. ఎం.యు.టి.వై.హెచ్. అనే జన్యువు తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ చెడినది వస్తేనే ఇది వస్తుంది. దగ్గరి సంబంధాల్లో అలాంటి అవకాశం ఎక్కువ. మనకు అన్నాచెల్లెళ్ళ వరసయ్యే చిన్నాన్న, పెదనాన్న పిల్లలు మన ఒమానీ ఇరుగుపొరుగుకు పెళ్ళి వరస. మనకేమో మేనమామ, మేనత్త పిల్లలు. జన్యువుకు ఈ వరసలేవీ తెలియవు.

నాకు తెలిసిన ఒకాయన సంగతి చెబుతాను, ఎవరో తెలియకుండా వివరాలు మార్చి. ముప్పై ఎనిమిదేళ్ళవాడు. విరేచనంలో రక్తం పడుతుంటే ఎండల వల్ల, ఖుబ్జ్, మటన్ తినడం వల్ల మొలలు వచ్చాయనుకుని ఏడాది పాటు లేపనాలు పూసుకున్నాడు. చివరికి పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది. తవ్వి అడిగితే, తండ్రి నలభై నాలుగో ఏట "కడుపు గడ్డ"తో పోయాడు, మేనత్త గర్భాశయ క్యాన్సర్‌తో పోయింది. పరీక్షలో లించ్ అని వచ్చింది. అదృష్టవశాత్తూ ఆపరేషన్‌తో బయటపడ్డాడు. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఊళ్ళో చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు. "ఈ మాట బయటికి పొక్కితే దాని పెళ్ళి ఆగిపోతుందిరా, అయ్యాక చెబుదాం" అని తల్లి కన్నీళ్ళు పెట్టుకుంది. అతను నెల రోజులు నలిగిపోయి, చివరికి తమ్ముడికి, చెల్లెలికి తనే ఫోన్ చేసి చెప్పాడు. తమ్ముడికీ ఆ జన్యువు ఉంది. కొలనోస్కోపీలో ఒక పాలిప్ దొరికితే తీసేశారు, రెండు రోజుల్లో ఆఫీసుకు వెళ్ళాడు. చెల్లెలు పరీక్ష ఇంకా చేయించుకోలేదు, ఆలోచించుకుంటానంది. అది ఆమె హక్కు. ఆ తల్లిని నేను తప్పు పట్టను. కాని ఆ తమ్ముడి పేగులోని పాలిప్ ఎవరి పెళ్ళి కోసమూ ఆగేది కాదు గదా!

డాక్టర్లు 1990ల నుంచి వాడుతున్న ఒక కొండగుర్తు ఉంది: 3-2-1. దగ్గరి బంధువుల్లో ముగ్గురికి పెద్దపేగు, గర్భాశయం వంటి క్యాన్సర్లు, రెండు తరాల్లో, కనీసం ఒకరికి 50 ఏళ్ళ లోపు. ఇది కలిస్తే తప్పకుండా సలహా తీసుకోండి. పూర్తిగా కలవకపోయినా, చిన్న వయసులో ఒక్కరికి వచ్చినా అడగడంలో తప్పు లేదు. అలాగని చిన్న వయసులో వచ్చినదల్లా వంశపారంపర్యం కాదు సుమా.

పరీక్ష ముందుగా జబ్బు వచ్చినవారికే చేయించాలి. వారు లేకపోతే, ఆపరేషన్‌లో తీసిన ముక్కను మైనం దిమ్మెలో భద్రపరిచి ఉంచారేమో ఆ ఆసుపత్రిలో కనుక్కోండి. కుటుంబంలో ఫలానా మార్పు అని తేలాకే మిగతావారి పరీక్షకు అర్థం. అది లేదని వచ్చినవారికి ఏటేటా కొలనోస్కోపీల బెడద తప్పుతుంది. ఒమాన్‌లో రాయల్ హాస్పిటల్ పక్షాన నేషనల్ జెనెటిక్ సెంటర్ ఉంది. సెలవుల్లో హైదరాబాద్ వెళితే నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం, సి.డి.ఎఫ్.డి. ఉన్నాయి.

ఈసారి ఊరికి వెళ్ళేటప్పుడు పెట్టెలో ఖర్జూరాలతో పాటు ఒక నోటుపుస్తకం కూడా పెట్టుకోండి. అమ్మమ్మలూ, పెద్దమ్మలూ ఉన్నప్పుడే అడిగి రాసుకోండి: ఎవరు, ఏ వయసులో, ఏ జబ్బుతో. ఆ పుస్తకం మీ పిల్లలకు ఇవ్వండి. ఇంటిపేరుతో పాటు వాళ్ళకు ఇదీ అవసరమే.