పిడికెడు బియ్యంతో లేచిన గుడి

పంట ఇంటికి చేరాక దోర్నకల్ చుట్టుపక్కల పల్లెల్లో క్రైస్తవులు కోత పండుగ చేస్తారు. ఆ ఆదివారం గుడికి ఎవరూ వట్టి చేతులతో రారు. వరికంకుల కట్ట, మిరపకాయల గంప, పసుపు కొమ్ములు, కాళ్లు కట్టేసిన నాటుకోడి, తువ్వాలులో మూటగట్టిన కోడిగుడ్లు, ఇంటి కప్పు మీద కాసిన ఒకే ఒక్క గుమ్మడికాయ... ఎవరింట్లో ఏది పండితే అది వస్తుంది. ఆల్టరు ముందు చోటు చాలక వసారా దాకా పరుస్తారు. ఆరాధన అయ్యాక వేలం. సంఘ పెద్ద గుమ్మడికాయను రెండు చేతులా ఎత్తి పట్టుకుని పాట మొదలుపెడతాడు. బజారులో నలభై రూపాయలకు దొరికే కాయ నాలుగు వందల దాకా పలుకుతుంది. పాడుకున్నవాడు డబ్బు కట్టేసి కాయను మళ్లీ వేలానికే వదిలేస్తాడు. అదే కాయ రెండోసారి పాటకొస్తుంది, మూడోసారీ వస్తుంది. చివరికి పొలం లేని ఏ ముసలమ్మ ఇంటికో చేరుతుంది.

ఆ డబ్బుతోనే గుడి కరెంటు బిల్లు కడతారు, కారుతున్న స్లాబుకు మరమ్మతు చేయిస్తారు, పాస్టరు అయ్యగారి జీతంలో ఊరి వాటా పంపుతారు. ఇది ఏడాదికోసారి. రోజూ జరిగేది ఇంకొకటుంది. పొద్దున ఎసట్లో బియ్యం పోసే ముందు ఆ ఇంటి ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. దాన్ని పిడికెడు బియ్యం అంటారు. వారం తిరిగేసరికి ఆ డబ్బా గుడికి చేరుతుంది. కూలికి పోతే తప్ప పూట గడవని ఇళ్లలో పుట్టిన ఆచారం ఇది. చేతిలో పైసా లేని మనిషి కూడా ఇచ్చేవాడిగా తల ఎత్తుకుని నిలబడాలన్నది దాని లోపలి సంగతి. తెలుగు నేల మీద పల్లె సంఘాల చరిత్ర రాయాలంటే ముందు ఈ పిడికిలి గురించే రాయాలని నా నమ్మకం.

తమిళనాడు నుంచి వచ్చిన తెలుగు బిషప్

దోర్నకల్ ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. రైల్వే జంక్షన్‌గానే చాలామందికి తెలుసు. 1909లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఇక్కడికి వచ్చేనాటికి ఇది నిజాం రాజ్యంలో ఒక మారుమూల. ఆయన 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్లాలన్‌విళైలో పుట్టాడు. తండ్రి పల్లెటూరి పాస్టరు. అజరయ్య వై.ఎం.సి.ఎ.లో మంచి ఉద్యోగం, ఊరూరా పేరు ఉన్నవాడు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు కొందరు కలిసి సొంత డబ్బుతో, సొంత మనుషులతో ఒక మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. అందులో ముందున్న అజరయ్య, ఇతరులను పంపించి తాను ఊరుకోలేదు. భార్య అన్బును, పిల్లలను వెంటబెట్టుకుని తనకు భాష రాని చోటికి వచ్చి తెలుగు నేర్చుకున్నాడు.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయనకు బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఒక భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు. దొరల గుమ్మం ముందు మనవాళ్లు చెప్పులు విప్పి నిలబడే రోజులవి. అందుకు రెండేళ్ల ముందే, 1910లో, ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో నిలబడి తెల్ల మిషనరీల మొహం మీదే ఆయన ఒక మాట చెప్పాడు: మీరు మా కోసం ఎంతో త్యాగం చేశారు, దానికి మేం రుణపడి ఉన్నాం, కానీ మాకు కావాల్సింది స్నేహితులు అని. సభలో చాలామందికి అది మింగుడుపడలేదు.

అజరయ్య పని ఎక్కువగా మాల మాదిగ పల్లెల్లోనే. ఎడ్లబండి మీద ఊరూరా తిరిగేవాడు. ఊరికి పట్టిన దయ్యాలు ఏవో చెప్పమంటే మురికి, రోగం, అప్పు, తాగుడు అని నాలుగింటిని లెక్కపెట్టి, వాటిని వెళ్లగొట్టకుండా భక్తి లేదనేవాడు. పల్లెకు ఒక టీచరును, అతని భార్యను పెట్టడం ఆయన పద్ధతి. పగలు పిల్లలకు, కూలి నుంచి తిరిగొచ్చాక దీపం వెలుగులో పెద్దలకు బడి. బాప్తిస్మం తీసుకున్న ప్రతివాడి చేతా తన తల మీద తన చెయ్యే పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలికించేవాడు. నిన్నటిదాకా ఊరి బావి దగ్గరికి రానివ్వని మనిషికి ఇతరులకు చెప్పగల మాట ఒకటి ఉందని, ఆ బాధ్యత అతనిదేనని ఒప్పించడం అది. బయటి విరాళాల మీద బతికే సంఘం సంఘమే కాదని ఆయన పట్టుదల. క్రైస్తవులు ఎందుకు ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి అన్నదాని మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు.

దోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ ప్రతిష్ఠ 1939 జనవరి 6న జరిగింది. దాన్ని చూస్తే ఒక్క చూపులోనే ఆయన మనసు తెలిసిపోతుంది. గుమ్మటాలు మసీదును తలపిస్తాయి, స్తంభాలు, మండపం తీరు మన దేవాలయాలది. ఇంగ్లండు పల్లెల్లోని చర్చిని తెచ్చి ఇక్కడ నిలబెట్టడం ఆయనకు ఇష్టం లేదు. వేర్వేరు మిషన్ల సంఘాలు ఒక్కటి కావాలని జీవితమంతా పాటుపడి, అది చూడకుండానే 1945 జనవరి 1న కన్నుమూశాడు. దక్షిణ ఇండియా సంఘం, మనం సి.ఎస్.ఐ. అనేది, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది.

కరువులో కట్టినవి

ఒంగోలు కథ ఇంకా పాతది. 1876లో మొదలైన మహా కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని, కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అన్నానికి అమ్ముడుపోయారని తెలుగు క్రైస్తవులను ఈసడించేవాళ్లు ఆ తేదీల వరసను ఒకసారి చూడాలి. ఆ పని వెనక యెర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ పెద్దలు ఉన్నారు. వాళ్లు కాలినడకన ఊళ్లు తిరిగి చెప్పకపోతే ఏ దొర మాటా ఆ గడపలు దాటేది కాదు.

మెదక్ కెథడ్రల్ కూడా ఆకలి రోజుల్లోనే లేచింది. మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో పని మొదలుపెట్టి కూలి రూపంలో జనానికి తిండి పెట్టాడు. పదేళ్లకు, 1924 డిసెంబరు 25న, ప్రతిష్ఠ చేశారు. 175 అడుగుల గోపురం, 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు. లోపల రంగుటద్దాల కిటికీల్లోంచి పడే వెలుగును చూడటానికి ఇప్పుడు క్రిస్మస్‌కు లక్షల్లో జనం వస్తారు, అన్ని మతాలవాళ్లూ వస్తారు. ఆ రాళ్లు మోసిన చేతుల పేర్లు మాత్రం ఏ ఫలకం మీదా లేవు.

ఆదివారం, మిగతా ఆరు రోజులూ

పల్లె సంఘంలో నెలంతా ఒకే తీరుగా ఉండదు. పాస్టరేటు కింద పది ఊళ్లుంటే అయ్యగారు ప్రభువు బల్ల ఇవ్వడానికి నెలకోసారి వస్తారు. మిగతా వారాలు ఉపదేశిదో, స్త్రీల మైత్రి పెద్దమ్మదో బాధ్యత. చాపల మీద ఒక పక్క ఆడవాళ్లు, ఇంకో పక్క మగవాళ్లు. కలిసిన చోటల్లా ‘వందనాలు’. బల్ల ఉన్న రోజు తెల్లచీరలు. డోలక్, తాళాలు, ఈమధ్య కీబోర్డు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి లాంటి పందొమ్మిదో శతాబ్దపు కవులు మన రాగాల్లో కట్టిన కీర్తనలను అక్షరం రాని అవ్వలు నంబరు చెబితే చాలు అందుకుంటారు. సంగీతం నేర్పే ఇంటి గడప తొక్కనివ్వని కులాల్లో రాగాలు ఇలా నిలిచాయి. మన సంగీత చరిత్ర రాసేవాళ్లు ఈ సంగతికి ఒక అధ్యాయం కేటాయించాలి.

శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీది ఏడు మాటల ధ్యానం ఉంటుంది. ఒక్కో మాట ఒక్కొక్కరికి అప్పగిస్తారు. ఖమ్మం వైపు ఒక ఊళ్లో ఐదో మాట, దాహానిది, మిరపతోటల కూలికి పోయే ఒక నడివయసు ఆమెకు వచ్చింది. చేతిలో కాగితం లేదు, కొంగు నడుముకు బిగించి లేచింది. ఏప్రిల్ ఎండలో మిరపకోత ఎలా ఉంటుందో చెప్పింది. చిన్నప్పుడు అమ్మ వెంట పనికి పోతే ఆసామి ఇంటివాళ్లు చెంబు తగలకుండా పైనుంచి దోసిట్లోకి నీళ్లు పోసిన సంగతి చెప్పింది. సిలువ మీద యేసుకూ దగ్గరికొచ్చి ఎవరూ తాగించలేదని, స్పంజీని కర్రకు గుచ్చి దూరం నుంచే అందించారని చెప్పి కూర్చుంది. అంతే, అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. వేదాంత కళాశాలల్లో ఎంతో మంచి ప్రసంగాలు విన్నాను, ఆ వాక్యం అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు.

చావు వచ్చిన రోజున సంఘం ఏమిటో బాగా తెలుస్తుంది. కబురందగానే కుర్రాళ్లు గడ్డపారలు తీసుకుని సమాధుల తోటకు పోతారు. గుంట తవ్వినందుకు ఎవరూ డబ్బు అడగరు. ఆడవాళ్లు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వరు, మూడు రోజులు వంతులవారీగా అన్నం వస్తుంది. రాత్రుళ్లు కూర్చుని కీర్తనలు పాడతారు. ఆసుపత్రి ఖర్చుకు చేబదులు, పిల్ల కాలేజీ ఫీజుకు చందా, తాగొచ్చి కొట్టే మొగుడికి సంఘ పెద్దల చేత చీవాట్లు, ఇవన్నీ అక్కడే తెములుతాయి. ఈస్టరు తెల్లవారుజామున సున్నం వేసిన సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి పేర్లు తలచుకుంటారు.

పుండ్లూ ఉన్నాయి

ఇంత చెప్పాక చెప్పకుండా దాచలేని విషయాలున్నాయి. ఒకే ఊళ్లో మాల చర్చి వేరు, మాదిగ చర్చి వేరుగా ఉన్న చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఒకే రొట్టె విరిచి తినే బల్లకు పెళ్లి సంబంధాలప్పుడు కులం అడ్డొస్తోంది. పెద్ద డయాసిస్‌లలో ఆస్తుల తగాదాలు, ఎన్నికల కక్షలు కోర్టుల దాకా పోతున్నాయి. మిషన్ కాలం నాటి స్థలాల మీద ఉన్న శ్రద్ధ ఆ కాలం నాటి బడుల మీద ఉంటే ఎంత బాగుండేది! పిడికెడు బియ్యం పోసిన ఆడవాళ్లకు లెక్కలు చూపని కమిటీని నేను సంఘం అనలేను.

బయటి నుంచి పడే దెబ్బ ఇంకొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని వర్తింపజేశారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. తెలుగు రాష్ట్రాల్లో దళిత క్రైస్తవులు బి.సి.-సి కింద ఒక శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకోవాలి. అందుకే రికార్డుల్లో ఒక మతం, ఆదివారం ఒక మతంగా బతుకుతున్న ఇళ్లు లెక్కలేనన్ని. వాళ్లను దొంగలన్నట్టు మాట్లాడటం అన్యాయం. మతం మారినంత మాత్రాన ఊరు వాళ్లను వెలివాడలోంచి బయటికి రానివ్వలేదు కదా.

ఖాళీ అవుతున్న చాపలు

ఇప్పుడు పల్లె గుళ్లలో కనిపిస్తున్నవాళ్లు ఎక్కువగా అమ్మలు, అవ్వలు. పిల్లలు హైదరాబాద్‌లో, బెంగళూరులో, గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్నారు. చాలామంది ఆదివారం ఫోన్‌లోనే వాక్యం వింటున్నారు. యూట్యూబ్‌లో ప్రసంగీకులు గొప్పగా మాట్లాడతారు, మైదానాల్లో మహాసభలకు వేలు, లక్షలు వస్తారు. వాటిని తప్పుపట్టను. అయితే మీ అమ్మకు రాత్రి గుండెనొప్పి వస్తే ఆటో మాట్లాడేది ఆ ప్రసంగీకుడు కాదు, పక్క చాప మీద కూర్చునే సమరియమ్మో, దానియేలో. కానుక ఎక్కడికి పంపాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఇది గుర్తుండాలి. నెలకు పది వేలు కూడా రాని జీతంతో అయిదారు ఊళ్లు తిరుగుతున్న పల్లె పాస్టర్లు ఎందరో ఉన్నారు, వాళ్ల పిల్లల చదువుల సంగతి అడిగేవాళ్లు లేరు.

ఈ క్రిస్మస్‌కు ఊరికి వెళ్లేవాళ్లకు ఒక మనవి. గుడికి రంగులేయించడానికి, పాలరాయి పరిపించడానికి డబ్బు పంపితే సరిపోదు. రెండు రోజులు ఎక్కువ ఉండండి. అయ్యగారింటికి వెళ్లి కూర్చోండి. సంఘం లెక్కల పుస్తకం అడిగి చూడండి, మైకు ముందు చదివించండి. ఊళ్లో రెండు చర్చిలుంటే రెండో చర్చిలో కూడా ఒక ఆదివారం చాప మీద కూర్చుని రండి. వచ్చేటప్పుడు మీ పిల్లల చేత ఆ బియ్యం డబ్బాలో ఒక పిడికెడు వేయించండి.